ఒకే గది ఇల్లు: అమరిక, అలంకరణ

పరిచయం

ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒకసారి తలెత్తి చుట్టూ చూడండి. మీరు చదువుకుంటున్న గదిలోనే ఒక మూల పొయ్యి ఉందా? మరో మూల ఎవరైనా నిద్రపోతున్నారా? దండెం మీద బట్టలు ఆరుతున్నాయా? అయితే ఈ పాఠం మీ కోసమే రాసింది.

గృహాలంకరణ మీద వచ్చే పుస్తకాలలో సాధారణంగా ముందు గది, పడక గది, భోజనాల గది అని వేరువేరు అధ్యాయాలు ఉంటాయి. మన దేశంలో లక్షలాది కుటుంబాలకు ఇవన్నీ ఒకే గది. ఆ గదిని అందంగా ఉంచుకోవడం ఎలాగో ఆ పుస్తకాలు చెప్పవు. అందుకే మనం ఇక్కడ ఒక గది ఇంటినే ఉదాహరణగా తీసుకుందాం. ఊరు సూరత్.

సూరత్ ఎందుకని అడగవచ్చు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు అనేక దశాబ్దాలుగా ఈ గుజరాతీ నగరానికి వలస వెళ్ళి మరమగ్గాల మీద పనిచేస్తున్నాయి. లింబాయత్, ఉధనా వంటి పేటలలో నడుస్తుంటే తెలుగు మాట చెవిన పడుతుంది. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చింది. ఆ పేటలలో చాలామందిది అద్దె గది. మీరు సిరిసిల్లలో ఉన్నా, భివండిలో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా ఈ లెక్కలు మీకూ పనికివస్తాయి.

ఈ పాఠం చదివిన తరువాత మీరు మీ గదిని కొలిచి పటం గీయగలుగుతారు. సామాను ఎంత చోటు తింటున్నదో లెక్క కట్టగలుగుతారు. వెలుతురు, గాలి, రంగు, బట్ట వీటిని ఎంచుకొనేటప్పుడు కారణం చెప్పగలుగుతారు.

1. మన ఉదాహరణ గది

పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల ఒక గదిని ఊహించుకోండి. తూర్పు గోడకు తలుపు, పడమటి గోడకు మూడడుగుల కిటికీ. నేల కోటా రాయి. ఇందులో ఐదుగురు ఉంటారు: భార్యాభర్తలు, అత్తగారు, ఇద్దరు పిల్లలు. భర్త మగ్గాల ఖార్ఖానాలో ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ చేస్తాడు. పాళీ అంటే పన్నెండు గంటలు. భార్య ఇంట్లోనే చీరలకు లేసు కుడుతుంది, రాళ్ళు అతికిస్తుంది. పెద్దమ్మాయి పదో తరగతి పరీక్షకు మీలాగే ఇంట్లో చదువుకుంటున్నది.

ఇప్పుడు రాత్రి పాళీ వారం ఎలా గడుస్తుందో చూడండి. ఉదయం ఎనిమిదింటికి తండ్రి ఇంటికి వస్తాడు. ఆయనకు చీకటి కావాలి, నిశ్శబ్దం కావాలి. అదే సమయంలో తల్లికి సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురు కావాలి. అమ్మాయికి పుస్తకం కనిపించాలి. అత్తగారికి కాళ్ళు చాపుకొనే చోటు కావాలి. ఒకరికి వెలుతురు ఇస్తే మరొకరికి నిద్ర పోతుంది. ఇంటి తగాదాలలో సగం ఇలాంటి చోటనే పుడతాయి. మనుషులు చెడ్డవాళ్ళు కాదు, గది అమరిక సరిగా లేదు.

కాబట్టి మన పాఠంలో అలంకరణ అనే మాటకు అర్థం కొంచెం వేరు. కొత్త వస్తువులు కొని పెట్టడం మాత్రమే అలంకరణ కాదు. ఉన్న చోటును, ఉన్న వస్తువులను ఇంట్లో అందరికీ ఉపయోగపడేటట్లు, కంటికి హాయిగా ఉండేటట్లు అమర్చుకోవడమే అలంకరణ.

2. ముందు కొలత, తరువాత కొనుగోలు

ఒక టేపు, ఒక గళ్ళ కాగితం తీసుకోండి. టేపు లేకపోతే దర్జీ టేపు అరువు తెచ్చుకోండి. ఒక అడుగుకు ఒక సెంటీమీటరు చొప్పున గదిని గీయండి. మన ఉదాహరణ గది కాగితం మీద 12 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లు అవుతుంది. తలుపు ఎటు తెరుచుకుంటుందో, కిటికీ ఎక్కడుందో, కరెంటు స్విచ్చులు ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. తరువాత మంచం, బీరువా, మిగతా సామాను అదే కొలతలో అట్టముక్కలుగా కత్తిరించండి. బీరువాను నేల మీద జరపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అట్టముక్కను జరపడానికి ఒక వేలు చాలు.

ఇక లెక్క చూద్దాం. గది వైశాల్యం 120 చదరపు అడుగులు. మంచం 6 అడుగులు, 4 అడుగులు: 24. వంట గట్టు 5, 2: 10. బీరువా మూడు, ఒకటిన్నర: నాలుగున్నర. కుట్టు మిషనుకు నాలుగున్నర. టీవీ బల్లకు నాలుగున్నర. నీళ్ళ డ్రమ్ముకు 4, ఫ్రిజ్‌కు 4. మొత్తం 55.5 చదరపు అడుగులు. తలుపు తెరుచుకోవడానికి 3 అడుగుల చదరం, అంటే మరో 9 విడిచిపెట్టాలి. మిగిలింది కూడా 55.5 మాత్రమే.

మంచం మీద ఇద్దరు పడుకుంటే ముగ్గురు కింద పడుకోవాలి. ఒక చాపకు 6 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అంటే 15 చదరపు అడుగులు. మూడు చాపలకు 45. అంకెల ప్రకారం చోటు సరిపోయింది, పదిన్నర అడుగులు మిగిలింది కూడా. మరి రాత్రిపూట కాలు పెట్టడానికి ఎందుకు చోటుండదు?

ఖాళీ ముక్కలు ముక్కలుగా ఉంది కాబట్టి. ఐదున్నర మీటర్ల బట్టను పది ముక్కలుగా కోస్తే కొలత తగ్గదు, కాని అది చీర కాదు. గది కూడా అంతే. మంచం వెనక అర అడుగు, బీరువా పక్కన ముప్పావు అడుగు, డ్రమ్ముకూ ఫ్రిజ్‌కూ నడుమ ఒక అడుగు ఇలా విడిపోయిన చోటు దుమ్ముకు తప్ప ఎవరికీ పనికిరాదు. పెద్ద సామానును గోడలకు, మూలలకు చేర్చి, మధ్యలో ఖాళీని ఒకే ముక్కగా ఉంచడం మొదటి సూత్రం. మంచం దక్షిణపు మూలకు పూర్తిగా ఆనించండి. గట్టు, డ్రమ్ము, ఫ్రిజ్ ఉత్తరపు గోడ వెంట ఒకే వరసలో ఉంచండి. ఫ్రిజ్ వెనక మాత్రం వేడి పోవడానికి నాలుగు వేళ్ళ ఎడం వదలండి. టీవీని గోడకు బిగిస్తే బల్ల పోయి నాలుగున్నర అడుగులు తిరిగి వస్తాయి. తలుపు నుంచి వంట గట్టుదాకా మనిషి నడిచే దారి కనీసం రెండు అడుగుల వెడల్పు ఉండాలి. చేతిలో వేడి గిన్నెతో నడిచే దారి అది.

మంచం గురించి ఒక మాట. పెళ్ళికి ఇచ్చిన పెద్ద డబల్ కాట్ చాలా ఇళ్ళలో గదిని మింగేస్తుంది. దాన్ని అమ్మమని చెప్పడం తేలిక, అమ్మడం తేలిక కాదు. దాని వెనుక పుట్టింటి పేరు ఉంటుంది. అటువంటప్పుడు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచండి. ఇటుకలు కదలకుండా నాలుగూ ఒకే మట్టంలో ఉండాలి. కింద ట్రంకు పెట్టెలు, బియ్యం డబ్బా, చాపలు, బొంతలు పడతాయి. మంచం తిన్న 24 చదరపు అడుగులను ఆ విధంగా రెండుసార్లు వాడుకున్నట్లవుతుంది.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 1

(అ) మీ గది 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. సామాను 38 చదరపు అడుగులు, తలుపుకు 9 చదరపు అడుగులు పోతాయి. ఎన్ని చాపలు పరచవచ్చు?
(ఆ) లెక్కకు సరిపోయినా చాపలు పట్టకపోవడానికి కారణం ఏమిటి?

3. కిటికీ

ఒక గది ఇంటిలో అన్నిటికంటె విలువైన వస్తువు కిటికీ. దానికి మీరు డబ్బు పెట్టి కొన్న బీరువాకున్నంత గౌరవం కూడా దొరకదు. మన ఉదాహరణ గదిలో బీరువా సరిగ్గా కిటికీ పక్కన ఉంది, సగం కిటికీని మూసేసింది. సూరత్‌లోనే కాదు, ఎక్కడ చూసినా ఇదే తంతు.

దీనికీ ఒక లెక్క ఉంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే ప్రాంతాలలో కిటికీల మొత్తం వైశాల్యం నేల వైశాల్యంలో ఆరో వంతు ఉండాలని మన జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. ఇందులో తలుపును కలపకూడదు. మన గది 120 చదరపు అడుగులు కాబట్టి 20 చదరపు అడుగుల కిటికీ ఉండాలి. ఉన్నది 3 అడుగుల చదరం, అంటే 9. అవసరమైన దానిలో సగం కూడా లేదు. అందులోనూ బీరువా సగం మింగితే మిగిలేది నాలుగున్నర. ఇక ఆ గదిలో పగటిపూట దీపం ఎందుకు వెలుగుతుందో, అత్తగారు గడప బయట ఎందుకు కూర్చుంటారో వేరే చెప్పనక్కరలేదు. ఇల్లు మనం కట్టింది కాదు, కిటికీని పెద్దది చేయలేము. ఉన్న తొమ్మిది అడుగులను పూర్తిగా తెరిచి ఉంచడం మాత్రం మన చేతిలో ఉంది.

సూరత్ సముద్రానికి దగ్గర. ఎండకాలం చివర, వానకాలంలో గాలి ఎక్కువగా నైరుతి వైపు నుంచి వస్తుంది. పడమటి కిటికీ, తూర్పు తలుపు ఉన్న గదికి అది అదృష్టమే. గాలి ఒక వైపు నుంచి వచ్చి రెండో వైపు నుంచి పోవాలి. పోయే దారి లేకపోతే వచ్చే గాలి కూడా ఆగిపోతుంది. తలుపు తెరిస్తే లోపలంతా కనిపిస్తుందని మూసి ఉంచేవారు తలుపుకు సగం ఎత్తు తెర కట్టుకోవచ్చు. కింద, పైన గాలి ఆడుతుంది, మరుగు ఉంటుంది.

పడమటి కిటికీతో ఒక చిక్కు ఉంది. మధ్యాహ్నం రెండు దాటాక ఎండ నేరుగా లోపలికి దిగుతుంది. ఎండను కిటికీ లోపలి తెరతో ఆపడం కంటె బయటే ఆపడం మంచిది. అద్దం దాటి లోపలికి వచ్చిన వేడి తెర వెనక చేరి గదిలోనే ఉండిపోతుంది. బయట ఒక వెదురు తడక, లేదా పాత గోనెపట్టా చూరులాగ ముందుకు వంచి కట్టండి. తెలంగాణలో వేసవిలో వట్టివేళ్ళ తడకలు తడిపి వేలాడదీస్తాం. పొడి ఎండకు అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. సముద్రతీరపు ఉక్కలో మాత్రం అంత ఫలితం ఉండదు. గాలిలో అప్పటికే తేమ ఉంటుంది కాబట్టి నీరు త్వరగా ఆవిరి కాదు. అక్కడ కదిలే గాలే చల్లదనం.

4. తెరలు, బట్టలు

సూరత్‌లో బట్టకు కొదవ లేదు. తానుల చివరి ముక్కలు, చిన్న లోపం వచ్చిన చీరలు చవకగా దొరుకుతాయి. అవి దాదాపు అన్నీ పాలియెస్టరే. రంగు పోదు, ఇస్త్రీ అక్కరలేదు, త్వరగా ఆరుతుంది. తెరకు ఇంతకన్న ఏమి కావాలి అనిపిస్తుంది.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. పాలియెస్టరు నిప్పు తగిలితే కరుగుతుంది. కరిగిన బట్ట చర్మానికి అతుక్కొని లోతుగా కాలుస్తుంది. నూలు కూడా కాలుతుంది కాని అలా అతుక్కోదు. కాబట్టి పొయ్యికి మూడడుగుల లోపల ఏ తెరా వద్దు. వంట గట్టు కింద సామాను కనబడకుండా తెర కట్టాలనుకుంటే నూలు బట్టే కట్టండి, దాన్ని కూడా సిలిండరు ఉన్న వైపు కట్టకండి.

సిలిండరు విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వంట గ్యాసు గాలి కంటె బరువైనది. కారితే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. మన గదిలో ముగ్గురు నేల మీదే పడుకుంటారు. అందుకని చాపలు పరిచే ముందు రెగ్యులేటరు కట్టేయడం ఆ ఇంటి అలవాటు కావాలి. ఎవరు చాప పరుస్తారో వారే రెగ్యులేటరు చూడాలి అని పని అప్పగిస్తే మరచిపోవడం జరగదు.

ఇక రాత్రి పాళీ చేసి వచ్చిన మనిషి నిద్ర. ఆయన కోసం కిటికీకి నల్లటి తెర వేస్తే ఇంటిల్లిపాదికీ చీకటే. దానికి బదులు చీకటిని మంచం దగ్గరే కల్పించండి. మంచం ఉన్న మూలలో ఒక గోడ నుంచి ఇంకో గోడకు తీగ లాగి, ముదురు రంగు దళసరి నూలు దుప్పటి తెరగా వేయండి. తెర పై అంచు కప్పుకు ఒక అడుగు కిందనే ఉండాలి, అప్పుడు గాలి అందుతుంది. పాళీ మారిన వారం తెరను గోడ వైపుకు జరిపి తాడుతో కట్టేస్తే సరి. కిటికీకి మాత్రం కింది సగానికే పలుచని లేత రంగు తెర వేయండి. కింది సగం మరుగునిస్తుంది, పై సగం వెలుతురు ఇస్తుంది. కుట్టు మిషను కిటికీకి దగ్గరగా, వెలుతురు ఎడమ పక్క నుంచి పడేటట్లు ఉంచాలి. కుడిచేతి వాటం గలవారికి ఎడమ వెలుతురు అయితే చేతి నీడ పని మీద పడదు. అమ్మాయి పుస్తకానికీ ఇదే నియమం.

రాత్రి దీపానికి కూడా చోటు ముఖ్యం. కప్పుకు మధ్యలో ఒకే పెద్ద దీపం పెట్టి, దానికి వీపు పెట్టి చదివితే పుస్తకం మీద మీ నీడే పడుతుంది. చదివే చోట ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం విడిగా పెట్టండి. 9 వాట్ల ఎల్‌ఈడీ పాత 60 వాట్ల బల్బుకు దాదాపు సమానమైన వెలుతురు ఇస్తుంది. పెద్ద దీపం ఆర్పి, చిన్నది వెలిగించి ఒకరు చదువుతుంటే మిగతావారు నిద్రపోగలరు.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 2

(అ) మీ గది 90 చదరపు అడుగులు అయితే ఎన్ని చదరపు అడుగుల కిటికీ ఉండాలి? మీకు ఎంత ఉంది?
(ఆ) పొయ్యి దగ్గర పాలియెస్టరు తెర ఎందుకు ప్రమాదం?

5. రంగు చేసే పని

లేత రంగు వేస్తే గది పెద్దదవుతుందని అంటారు. గది ఒక్క అంగుళం కూడా పెరగదు. పెరిగేది వెలుతురు. తెల్లని గోడ తన మీద పడిన వెలుతురులో సుమారు 80 శాతాన్ని తిప్పి గదిలోకి పంపుతుంది. మీగడ రంగు, లేత పసుపు సుమారు 70 శాతం పంపుతాయి. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ 15 శాతం కూడా పంపవు, మిగతాదంతా తాగేస్తాయి. కిటికీ చిన్నదైనప్పుడు గోడలే రెండో కిటికీ. కాబట్టి కప్పుకు తెలుపు, గోడలకు లేత రంగు. మీకు ఎరుపు ఇష్టమా? తలగడ గలీబుకు వాడండి, గోడకు వద్దు.

నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు మాత్రం కొంచెం ముదురు పట్టీ వేసుకోవడం తెలివైన పని. పిల్లల చేతులు, తలల నూనె, తడిగుడ్డ నీళ్ళు తగిలేది అక్కడే. మన పల్లెల్లో గోడ అడుగున జాజుతో ఎర్ర పట్టీ తీర్చడం మీరు చూసి ఉంటారు. చూడడానికి అందం, మరకలు కనబడకుండా కాపు. ఆ పనికి ఇప్పుడు ఆయిలు పెయింటు వాడుతున్నాం, ఆలోచన మాత్రం అమ్మమ్మలదే.

వానకాలంలో గోడ చెమరిస్తుంటే దాని మీద ప్లాస్టిక్ పెయింటు వేయకండి. లోపలి తేమ బయటకు పోలేక పొరలు పొరలుగా ఉబ్బి రాలుతుంది, డబ్బు నేలపాలు. సున్నం తేమను బయటకు పోనిస్తుంది, చవక కూడా. ఏటా వేయాలన్నదే దాని కష్టం. అటువంటి గోడకు బీరువాను ఆనించకుండా నాలుగు వేళ్ళ ఎడం ఉంచండి, బట్టలకు బూజు పట్టదు.

6. గోడ ఎత్తు

నేల మీద 120 చదరపు అడుగులే ఉన్నాయి కాని గోడల మీద ఇంకా చాలా ఉంది. ఈ సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. గోడలో గూడు, తలుపు పక్క చిలక్కొయ్య, దూలానికి ఉట్టి, మూలకు దండెం, పైన అటక. నేలను తాకకుండా వస్తువులు దాచే ఉపాయాలు ఇవన్నీ.

గుజరాతీ ఇళ్ళలో కూడా ఇదే తెలివి కనిపిస్తుంది. అటకను వారు మాళియుం అంటారు. గోడ వెంట తలకంటె ఎత్తున నడిచే పొడవాటి అరను అభెరాయి అంటారు. దాని మీద ఇత్తడి, స్టీలు గిన్నెలు తళతళలాడేలా తోమి వరసగా నిలబెడతారు. పళ్ళేలు వెనక, చెంబులు ముందు. దాచుకోవడం, అలంకరణ ఒకే పనిలో అయిపోతాయి. విడిగా షోకేసు కొని అందులో ప్లాస్టిక్ బొమ్మలు పెట్టి, అసలు గిన్నెలను గోనెసంచిలో కుక్కే వారిని చూస్తే నాకు ఈ అభెరాయి గుర్తుకు వస్తుంది. మీ గదిలో ఆరున్నర అడుగుల ఎత్తున తొమ్మిది అంగుళాల వెడల్పు గల అర ఒకటి వేయించగలిగితే ముందుగా అదే వేయించండి. ఫ్యాను రెక్కలకు దూరంగా ఉండాలి. బరువైనవి కాకుండా తేలికవే పైన పెట్టాలి. పిల్లలు పడుకొనే చోటికి పైన ఇనుప పెట్టె, రోలు వంటివి ఎప్పుడూ వద్దు.

ఎత్తు చోటుకు సూరత్‌లో మరో విలువ కూడా ఉంది. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుంచి పెద్ద ఎత్తున నీరు వదలవలసి వచ్చినప్పుడు తాపీ నది పొంగి నగరంలో అధిక భాగం నీట మునిగింది. అటువంటి వేళ బురద నీటిలో ముందు తడిసేవి మంచం కింద పెట్టెలు, బీరువా కింది అర. సాధారణంగా మనం కాగితాలు దాచేది సరిగ్గా అక్కడే. రేషను కార్డు, పిల్లల మార్కుల పత్రాలు, ఇంటి ఒప్పందం, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టి, అటక మీద చేతికి అందే అంచున ఉంచండి. డబ్బా మీద ఎర్ర పట్టీ అంటించండి. కరెంటు పోయినా, ఎవరు ఇంట్లో ఉన్నా వెతకకుండా దొరకాలి. నది ఒడ్డు ఊళ్ళలో, పల్లపు పేటలలో ఉండే ప్రతి అభ్యాసకుడు ఈ పని ఈ రోజే చేయవచ్చు, పైసా ఖర్చు లేదు.

7. కంటికి ఇంపు

గృహ విజ్ఞానం పుస్తకాలలో అలంకరణకు ఐదు సూత్రాలు చెబుతారు: సమతౌల్యం, నిష్పత్తి, లయ, ప్రాధాన్యం, సామరస్యం. పరీక్షకు ఐదూ గుర్తుంచుకోండి. చిన్న గదికి మాత్రం రెండు చాలు. ఒకటి నిష్పత్తి, అంటే గదికి తగిన పరిమాణంలో వస్తువు ఉండటం. రెండోది ప్రాధాన్యం, అంటే గదిలోకి రాగానే చూపు ముందుగా ఒక చోట నిలవడం.

ఇప్పుడు మన ఉదాహరణ గది గోడలు చూడండి. దేవుడి పటాలు ఏడు, మూడేళ్ళ క్యాలెండర్లు, పెళ్ళి ఫొటో, పిల్లవాడి బహుమతి షీల్డు, గోడ గడియారం, దుకాణం వారిచ్చిన సీనరీ. నాలుగు గోడల మీద పధ్నాలుగు మేకులు. చూపు నిలవడానికి చోటు లేదు. ఒక గోడను ఎంచుకోండి, తలుపు నుంచి కనిపించే గోడ అయితే మేలు. దేవుడి పటాలను ఒక గూటిలోనో ఒక పీట మీదనో చేర్చండి. పెళ్ళి ఫొటో, షీల్డు, గడియారం ఒక గుంపుగా, నిలబడ్డ మనిషి కంటి ఎత్తున, అంటే సుమారు ఐదడుగుల దగ్గర పెట్టండి. పాత క్యాలెండర్లు దించేయండి. దేవుడి బొమ్మ ఉంది కదా అని సందేహిస్తే బొమ్మను కత్తిరించి పుస్తకంలో భద్రపరచండి. మిగిలిన మూడు గోడలను ఖాళీగా వదిలేయండి. ఖాళీ గోడ చూడగానే ఏదో ఒకటి తగిలించాలనే చేతి దురదను ఆపుకోవడమే ఇందులో కష్టమైన భాగం.

అద్దం ఉంటే కిటికీకి ఎదురుగా తగిలించండి, వెలుతురు రెట్టింపు కాకపోయినా మూలల దాకా పోతుంది.

ఆ ప్రధానమైన గోడ మీద ఏమి పెట్టాలి? సౌరాష్ట్ర ప్రాంతపు ఇళ్ళలో చాకళా అని చదరపు కుట్టుపని గుడ్డలు గోడకు వేలాడదీస్తారు, గుమ్మానికి కుట్టుపని తోరణం కడతారు. ఆ ఇంటి ఆడవారు చేసిన పని అది. మరి మన నేతగాళ్ళ ఇళ్ళలో? రోజంతా పాలియెస్టరు తానులు దిగే నగరంలో, పెట్టె అడుగున అత్తగారి పాత పోచంపల్లి చీరో, నారాయణపేట చీరో ఒకటి ఉంటుంది. చిరిగిపోయిందని మసిగుడ్డ చేయకండి. బాగున్న కొంగు భాగాన్ని కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, పైన కింద సన్నని వెదురు బద్దలు దూర్చి గోడకు వేలాడదీయండి. బజారులో కొన్న ఏ సీనరీకీ లేని విలువ దానికి ఉంది. పిల్లలు అడుగుతారు, అత్తగారు చెబుతారు. కత్తిరించే ముందు ఆవిడను అడగడం మరవకండి.

మొక్క ఒకటి ఉంటే గది కళే వేరు. గుమ్మం బయట తులసి, కిటికీలో మనీప్లాంటు. సీసాలో నీళ్ళు పోసి పెంచే మనీప్లాంటుకు వారానికి ఒకసారి తప్పక నీరు మార్చి సీసా లోపలి గోడలు రుద్ది కడగాలి. లేకపోతే అందులో దోమ గుడ్లు పెడుతుంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది మంది విడిచిపోయిన నగరం సూరత్. 1995లో కమిషనరుగా వచ్చిన తెలుగువారు ఎస్.ఆర్. రావు గారి కాలంలో వీధుల శుభ్రత ఎంత మారిందో దేశమంతా చెప్పుకున్నారు. వీధి నగరపాలక సంస్థ ఊడుస్తుంది. సీసాలో నీళ్ళు మనమే మార్చాలి.

8. అద్దె గది అయితే

ఇల్లు మనది కాదు, ఎందుకు ఖర్చు పెట్టాలి అనేది న్యాయమైన ప్రశ్నే. అందుకే ఖర్చును మూడు రకాలుగా చూడండి. సామాను జరపడం, క్యాలెండర్లు దించడం, కిటికీ తెరవడం, కాగితాల డబ్బా వీటికి ఖర్చు లేదు. ఈ వారమే చేయండి. తెరలు, దీపం, అద్దం, మంచం కింద ఇటుకలు మీతో పాటు ఇంకో ఇంటికి వస్తాయి. రెండో నెల చేయండి. సున్నం, అర, గోడకు మేకులు అక్కడే ఉండిపోతాయి. వాటికి ఇంటి యజమానితో ముందు మాట్లాడండి. సున్నం వేస్తే గోడ ఆయనదే బాగుపడుతుంది కాబట్టి సామగ్రి ఆయన ఇచ్చి, పని మీరు చేసుకొనే ఏర్పాటుకు చాలామంది ఒప్పుకుంటారు. మాట్లాడిన మాటను ఒక కాగితం మీద తేదీతో రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి.

కృత్యం

మీ గది పటం గీసి, అట్టముక్కలు కత్తిరించి, కనీసం మూడు రకాలుగా అమర్చి చూడండి. ఒక్కొక్క అమరికలో ఇంట్లోని ప్రతి మనిషికీ ఈ మూడు ప్రశ్నలు వేయండి: పగలు ఎక్కడ కూర్చుంటావు? రాత్రి ఎక్కడ పడుకుంటావు? నీ సొంత వస్తువు ఎక్కడ పెట్టుకుంటావు? మూడో ప్రశ్నకు జవాబు లేని మనిషి ప్రతి ఇంట్లో ఒకరుంటారు, ఎక్కువగా అత్తగారో ఆడపిల్లో. ఆ మనిషికి ఒక చిలక్కొయ్య, ఒక చిన్న అర, ఒక పెట్టె కేటాయించి పటంలో గుర్తించండి. పటాన్ని మీ అధ్యయన కేంద్రంలో తరగతి జరిగే రోజు తీసుకువెళ్ళి తోటి అభ్యాసకులకు చూపండి.

పాఠ్యాంతర్గత ప్రశ్నలకు జవాబులు

1. (అ) గది 80 చదరపు అడుగులు. 38, 9 కలిపి 47 పోగా 33 మిగులుతాయి. ఒక్కొక్క చాపకు 15 చొప్పున రెండు చాపలు పడతాయి. (ఆ) ఖాళీ ఒకే ముక్కగా లేకుండా సామాను మధ్య చిన్న ముక్కలుగా ఉండటం.

2. (అ) ఆరో వంతు చొప్పున 15 చదరపు అడుగులు. మీ కిటికీ పొడవును ఎత్తుతో గుణించి పోల్చి చూడండి. సామాను అడ్డం ఉన్న భాగాన్ని లెక్కలో నుంచి తీసివేయాలి. (ఆ) నిప్పు తగిలితే కరిగి చర్మానికి అతుక్కొంటుంది. ఎవరి బట్టలకైనా నిప్పంటుకుంటే పరుగెత్తనీయకుండా దళసరి నూలు దుప్పటి లేదా గోనె చుట్టి మంట ఆర్పండి. కాలిన చోట చల్లని నీరు 20 నిమిషాలపాటు ధారగా పోయండి. అతుక్కున్న బట్టను లాగకండి. అలాగే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.